వాపిటి నుంచి మిగ్ దాకా – ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ జీవితం

(మన సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి "మాస్టారూ, మన పిల్లలూ పోటీ పరీక్షలూ అనే విషయం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. పోటీ పరీక్షల మీద ఉపన్యాసం అంటే పిల్లలకి నిద్ర వస్తుంది, పెద్దలకి గడియారం గుర్తొస్తుంది. అంచేత ఆ విషయాన్ని నేరుగా ఎత్తుకోకుండా ఒక మనిషి జీవితం చెబుతాను. చెప్పాల్సిన సంగతి అందులోంచే వస్తుంది. ఆ మనిషి మన తెలుగునేల మీద, హైదరాబాదులో పుట్టి, యుద్ధ విమానం నడిపి, చివరికి భారత వైమానిక దళానికే అధిపతి అయిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు.

మన గోదావరి జిల్లాల వాళ్ళకి వైమానిక దళం అంటే ఏం గుర్తొస్తుంది చెప్పండి? వరదే గుర్తొస్తుంది. 1986 ఆగస్టులో గోదావరి ఊళ్ళ మీద పడినప్పుడు డాబాల మీదా, ఏటిగట్ల మీదా నిలబడ్డ జనానికి హెలికాప్టర్ల నుంచి ఆహార పొట్లాలు వేశారు. కోనసీమ వాళ్ళు ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకుముందు తరాన్ని అడిగితే మరో సంగతి చెప్పేవాళ్ళు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, మన కాకినాడ మీదా బాంబులు వేశాయి. సముద్రంలో దూరంగా నిలిచిన విమాన వాహక నౌక నుంచి అవి లేచి వచ్చాయి. మా దాదా ఆ రోజుల మాట ఎత్తితే, "ఆకాశానికి తలుపుల్లేవురా, అటునుంచి ఎవడైనా రావచ్చని ఆనాడే తెలిసింది" అనేవారు.

ఆ తలుపు దగ్గర కాపలా కాసేవాడే ఫైటర్ పైలట్. కాకినాడ మీద బాంబులు పడేనాటికి మూణ్ణెల్ల ముందు, అంటే 1942 జనవరిలో, ఒక పద్దెనిమిదేళ్ళ హైదరాబాదు కుర్రవాడు ఆ కాపలా పనిలో చేరాడు.

లతీఫ్ గారు 1923 జూన్ 9న పుట్టారు. సులేమానీ బోహ్రా కుటుంబం. చదువుకున్న ఇల్లు. ఆయన నిజాం కాలేజీలో చదివారు. ఆ కాలేజీలోనే చాలాకాలం తరవాత మరో కుర్రవాడు చదివాడు. అతను కూడా వైమానిక దళంలో పైలట్ అయి, 1971 యుద్ధంలో మిగ్ విమానం నడిపి, 1984 ఏప్రిల్ 3న అంతరిక్షానికి వెళ్ళాడు. ఆయన పేరు రాకేశ్ శర్మ అని పిల్లలందరికీ తెలుసు. లతీఫ్ పేరు మాత్రం మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో మీరే ఆలోచించండి.

"పెద్దింటి బిడ్డ కాబట్టి ఆయనకి సాగింది, మనకెలా సాగుతుంది?" అని కొందరు లోపల అనుకుంటూ ఉంటారు. కొంత నిజమే, కాదనను. చదువుకున్న ఇంట్లో పుట్టడం వల్ల మొదటి మెట్టు తొందరగా అందుతుంది. అయితే విమానం నేలవిడిచిన తరవాత, దానికి మీ అబ్బాజాన్ ఎవరో తెలీదు. గాలి వేగం ఎంత, ఎత్తు ఎంత, ఇంధనం ఎంత అన్న మూడు ముళ్ళు చూసుకోవడం తెలియనివాణ్ణి నవాబు కొడుకైనా అది కింద పడేస్తుంది.

మొదట ఆయన్ని కరాచీలో తీర రక్షణ విభాగానికి పంపారు. పని ఏవిటంటే, అరేబియా సముద్రం మీద ఎగురుతూ శత్రు జలాంతర్గాముల కోసం వెతకడం. విమానాలు వాపిటి, ఆడాక్స్, హార్ట్ అనే రకాలు. వాపిటి అంటే ఎలాంటిదో పిల్లలకి చెప్పాలి. ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలు, వాటికి గుడ్డ తొడుగు, ముందు ఒక ప్రొపెల్లరు, పైన కప్పు లేదు. గాలీ వానా మొహానికే కొడతాయి. అప్పటికే పాతబడిన సరుకు. మన వైమానిక దళం 1932 అక్టోబరు 8న ఏర్పడి, 1933లో నాలుగు వాపిటిలతో మొదలైంది. దాని వేగం గంటకు రెండు వందల చిల్లర కిలోమీటర్లు. ఒకటే ఇంజను. సముద్రం మీద అది ఆగిపోతే కింద నీళ్ళే. ఆ వయసులో మన కుర్రాళ్ళు సెంటర్లో మోటారుసైకిలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నారు. ఆయన ఆ బండి మీద సముద్రం దాటి వెళ్ళి, దిక్సూచి చూసుకుని, లెక్క కట్టుకుని తిరిగి వచ్చేవాడు.

1943–44లో కొద్దిమంది భారతీయ పైలట్లను శిక్షణ కోసం ఇంగ్లండు పంపారు. అందులో లతీఫ్ ఒకరు. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాల మీద చెయ్యి తిరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన ఫైటర్లివి. ఫైటర్‌లో కూర్చునేది ఒక్కడే. నడిపేదీ వాడే, దారి చూసుకునేదీ వాడే, రేడియోలో మాట్లాడేదీ వాడే, తుపాకి పేల్చేదీ వాడే, వెనకనుంచి ఎవడైనా వస్తున్నాడా అని తల తిప్పి చూసుకునేదీ వాడే. తప్పు జరిగితే చెప్పుకోడానికి పక్కన మనిషి ఉండడు.

1944లో ఆయన తిరిగి వచ్చి బర్మా యుద్ధరంగంలో పనిచేశారు. అక్కడి అడవులూ కొండలూ, ఆరు నెలల వాన మన ఏజెన్సీ వైపు చూసినవాళ్ళకి కొంత అర్థమవుతాయి. ఆ రోజుల్లో ఆయన వెంట పనిచేసిన వాళ్ళలో ఇద్దరి పేర్లు గుర్తు పెట్టుకోండి. ఒకరు అస్గర్ ఖాన్, మరొకరు నూర్ ఖాన్. ఒకే మెస్సులో తిన్నారు, ఒకే దళంలో శత్రువుతో పోరాడారు. అలాంటి దోస్తీ మామూలుది కాదండి.

తరవాత 1947 వచ్చింది.

దేశంతోపాటు సైన్యం కూడా రెండు ముక్కలైంది. విమానాలు పంచుకున్నారు, యంత్రాలు పంచుకున్నారు, మనుషుల్ని కూడా పంచుకున్నారు. ముస్లిం అధికారులకు మాత్రం ఎటు వెళ్తారో తేల్చుకోమన్నారు. లతీఫ్ వయసు అప్పుడు ఇరవై నాలుగు. అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ ఇద్దరూ ఆయన్ని పిలిచారు. "మాతో రా, కొత్త దళం, ఎదగడానికి అవకాశం ఉంటుంది" అన్నదే ఆ పిలుపులోని సారం. ఎదగడం అబద్ధం కాదని చరిత్రే చెబుతోంది. అస్గర్ ఖాన్ 1957లోనూ, నూర్ ఖాన్ 1965లోనూ పాకిస్తాన్ వైమానిక దళానికి అధిపతులయ్యారు.

లతీఫ్ వెళ్ళలేదు. మతం వేరు, దేశం వేరు, ఒకదానికొకటి ముడిపెట్టనక్కర్లేదు అన్నదే తన అభిప్రాయమని స్నేహితులకి చెప్పారు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, చాలామంది గమనించరు. 1947 ఆగస్టులో మన రాజమండ్రీ, కాకినాడ, ఏలూరు అన్నీ మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి ఆ అర్ధరాత్రే స్వతంత్ర భారతంలో చేరిపోయాయి. లతీఫ్ గారి సొంత ఊరు హైదరాబాదు మాత్రం చేరలేదు. నిజాం సంస్థానం విడిగా ఉండిపోయింది. అది భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరులో. అంటే ఆయన "నాది భారతదేశం" అన్న రోజున ఆయన పుట్టిన ఊరే ఇంకా భారతదేశంలో లేదు! ఒకపక్క మతం పేరు చెప్పి పిలిచే స్నేహితులు, మరోపక్క ఎటూ తేలని సొంత సంస్థానం. ఆ మధ్య నిలబడి ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు తనంతట తాను ఆలోచించుకుని చెప్పిన జవాబది. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించింది కాదు.

ఆ జవాబు ఆయన ఒక్కసారి చెప్పారు. ఆ తరవాత రోజూ చెప్పుకుంటూ కూర్చోలేదు. పనిలో పడ్డారు. ఈ జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

టెంపెస్ట్ అనే ఫైటర్లు నడిపే నాలుగో స్క్వాడ్రన్‌కి ఆయన కమాండరయ్యారు. 1950 జనవరి 26న దేశం రిపబ్లిక్ అయిన రోజున ఢిల్లీ ఆకాశం మీద విమానాలు వరసకట్టి సెల్యూటు చేస్తూ వెళ్ళాయి. అందులో ఆయన తన స్క్వాడ్రన్‌ని నడిపించారు. అక్కడినుంచి ప్రొపెల్లరు విమానాల కాలం పోయి జెట్లు వచ్చాయి. ఆయన వాటి మీదా చెయ్యి మార్చుకున్నారు. 1961 నుంచి 1965 దాకా వాషింగ్టన్‌లో మన రాయబార కార్యాలయంలో ఎయిర్ అటాషేగా ఉన్నారు. 1962లో చైనాతో యుద్ధం జరిగింది ఆ మధ్యలోనే. తిరిగి వచ్చి పెద్ద స్టేషన్లకు అధికారిగా పనిచేశారు. 1971 యుద్ధం నాటికి ఢిల్లీ ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల బాధ్యత చూసే అసిస్టెంట్ చీఫ్ ఆఫ్ ఎయిర్ స్టాఫ్. పరమ విశిష్ట సేవా పతకం వచ్చింది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం నల్లబల్ల లెక్క చేద్దాం. ఉరుసులోనో తిరనాళ్ళలోనో రంగులరాట్నం ఎక్కితే గిర్రున తిరిగేటప్పుడు ఒళ్ళు బరువెక్కినట్టు ఉంటుంది కదా. జెట్ ఫైటర్ గాలిలో చటుక్కున మలుపు తిరిగితే ఆ బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆరు రెట్లు అనుకోండి. డెబ్బై కిలోల పైలట్ ఆ క్షణంలో ఎన్ని కిలోలు? నాలుగు వందల ఇరవై. తల ఎత్తలేడు, చెయ్యి లేవదు. నెత్తురు కాళ్ళలోకి దిగిపోయి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. అందుకే కాళ్ళకీ పొట్టకీ గట్టిగా బిగుసుకునే ప్రత్యేకమైన సూటు వేసుకుంటారు, కండరాలు బిగపట్టి ఊపిరి పీల్చే పద్ధతి నేర్చుకుంటారు. ఆ స్థితిలో కూడా మెదడు లెక్క కడుతూనే ఉండాలి. ఈ ఉద్యోగానికి కండ ఒక్కటే చాలదు, హిసాబ్ కావాలి.

1978 సెప్టెంబరు 1న ఇద్రీస్ హసన్ లతీఫ్ భారత వైమానిక దళాధిపతి అయ్యారు. 1981 ఆగస్టు 31 దాకా మూడేళ్ళు ఆ పదవిలో ఉన్నారు. ఆ మూడేళ్ళలో దేశానికి ముగ్గురు ప్రధానమంత్రులు మారారు – మొరార్జీ దేశాయ్, చరణ్ సింగ్, ఇందిరాగాంధీ. ప్రభుత్వాలు మారినా విమానాల పని ఆగలేదు. శత్రుభూమి లోపలికి దూరంగా చొచ్చుకుపోయి దాడి చెయ్యగల విమానం మనకి కావాలన్న మాట ఎన్నో ఏళ్ళుగా ఫైళ్ళలో తిరుగుతోంది. బ్రిటన్ జాగ్వార్, ఫ్రాన్స్ మిరాజ్, స్వీడన్ విగ్గెన్ – ఈ మూటిలో ఏది అన్నది తేలలేదు. ఆయన హయాంలో జాగ్వార్ ఖాయమైంది. 1979 జూలైలో మొదటి జాగ్వార్లు అంబాలా చేరాయి. మనవాళ్ళు దానికి పెట్టుకున్న పేరు "షంషేర్", అంటే కత్తి. ఆ కత్తి నాలుగు దశాబ్దాల పైన మన దళంలో పనిచేసింది. మిగ్-23లు, మిగ్-25లు వచ్చింది కూడా ఆయన కాలంలోనే.

మిగ్-25 సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. ధ్వని కంటే రెండున్నర రెట్లకు మించిన వేగం, ఇరవై కిలోమీటర్ల పైన ఎత్తు. అంత ఎత్తున ఆకాశం పట్టపగలే నల్లబడుతుంది, భూమి అంచు వంపు తిరిగి కనిపిస్తుంది. 1981 ఆగస్టులో, పదవీ విరమణకి కొద్దిరోజుల ముందు, యాభై ఎనిమిదేళ్ళ లతీఫ్ గారు ఆ విమానంలో ఎగిరారు. దళాధిపతి చివరి రోజుల్లో దండలు వేయించుకుని, టీపార్టీలు చేసుకుని పోవచ్చు. ఆయన కాక్‌పిట్‌లో కూర్చున్నారు.

రాజమండ్రి నుంచి హైదరాబాదుకి గాలిదారిన సుమారు 350 కిలోమీటర్లు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నడిపిన వాపిటిలో వెళ్తే గంటన్నర పైన పడుతుంది. చివర్లో ఎగిరిన మిగ్‌లో పూర్తి వేగంతో పోతే పది నిమిషాల లోపు. ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒకే మనిషి ఉద్యోగ జీవితం, దాదాపు నలభై ఏళ్ళు. గుడ్డ రెక్కల విమానం నుంచి ఉక్కు విమానం దాకా ప్రతి మెట్టు మీదా ఆయన మళ్ళీ విద్యార్థిగా కూర్చుని కొత్త పాఠం నేర్చుకుని ఉండాలి. లేకపోతే సాగదు. తాలీం పదో తరగతితోనో, డిగ్రీతోనో అయిపోయిందనుకునే వాళ్ళకి ఇది జవాబు.

విరమణ తరవాత 1982 నుంచి 1985 దాకా మహారాష్ట్ర గవర్నరుగా, ఆ తరవాత 1988 దాకా ఫ్రాన్సులో భారత రాయబారిగా పనిచేశారు. బేగం బిల్కీస్ లతీఫ్ గారు రచయిత్రి, సంఘ సేవకురాలు. నవాబ్ అలీ యావర్ జంగ్ గారి కుమార్తె. ఆ యావర్ జంగ్ గారూ అంతకుముందు మహారాష్ట్ర గవర్నరే. భర్త రాజభవన్‌లో ఉన్న కాలంలో ఆవిడ ధారావి మురికివాడల్లో పనిచేశారు. 2009లో పద్మశ్రీ అందుకున్నారు. భర్త జీవిత చరిత్ర రాసిందీ ఆవిడే. ఆవిడ 2017లో, లతీఫ్ గారు 2018 ఏప్రిల్ 30న తొంభై నాలుగేళ్ళ వయసులో హైదరాబాదులో కన్నుమూశారు. పుట్టిన ఊళ్ళోనే మట్టిలో కలిశారు.

సోదరులారా, ఇప్పుడు అసలు మాటకి వస్తున్నాను.

మన సభల్లో దేశభక్తి మాట వచ్చినప్పుడల్లా మనం రెండు పేర్లు చెబుతాం. 1948లో ఝంగర్ దగ్గర ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర టాంకుల్ని ఎదిరించి పరమవీరచక్ర పొందిన హవల్దార్ అబ్దుల్ హమీద్. ఆ ఇద్దరికీ తల వంచి సలాం చెయ్యాల్సిందే. అయితే ఎప్పుడూ అమరవీరుల పేర్లే చెబుతూ ఉంటే పిల్లల మనసులో ఏం నాటుకుంటుంది? "మనం ఈ దేశం వాళ్ళమని రుజువు కావాలంటే ప్రాణం పోవాలి కాబోలు" అని నాటుకుంటుంది. ఇది మంచిది కాదు. బతికి, చదివి, నలభై ఏళ్ళు తెల్లవారుజామునే లేచి డ్యూటీకి వెళ్ళి, పై మెట్టు ఎక్కి, ముసలితనంలో మనవల మధ్య కన్నుమూయడం కూడా దేశసేవే. లతీఫ్ గారి జీవితం ఆ రెండో దారికి సాక్ష్యం. మన పిల్లల్లో వెయ్యిమందిలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందికి కావలసింది ఈ దారే.

కిందటేడు తొమ్మిదో తరగతిలో ఈ కథే చెప్పాను. చెప్పడం అయ్యాక వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి "సార్, అదంతా ఆ రోజుల్లో. ఇప్పుడు మనవాళ్ళని తీసుకుంటారా?" అన్నాడు. వాడు మెకానిక్ షెడ్డులో సాయంత్రాలు పనిచేసే పిల్లవాడు. ఇంజను శబ్దం విని రోగం చెప్పగలడు. వాడి ప్రశ్నకి నేను కోప్పడలేదు, నవ్వలేదు. లతీఫ్ గారు వైమానిక దళానికి అధిపతి అయిన మొదటి ముస్లిం. ఆయన తరవాత ఇంతవరకు సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూటిలోనూ మరో ముస్లిం ఆ కుర్చీలోకి రాలేదు. ఇది నిజం, పిల్లలకి దాచి ప్రయోజనం లేదు. కానీ ఆ కుర్చీ నలభై ఏళ్ళ మెట్లకి పైన ఉంది. కింది మెట్టు దగ్గర మనవాళ్ళు ఎంతమంది నిలబడ్డారో ముందు లెక్క చూసుకోవాలి కదా!

వాడితో అన్నాను: "బేటా, దిద్దేవాడి ముందు నీ జవాబు పత్రం ఉంటుంది, నీ మొహం ఉండదు. ముందు ఆ పత్రం నింపు. తలుపు తియ్యరేమో అన్న అనుమానం తలుపు కొట్టాక పడొచ్చు."

ఆ తలుపు ఎక్కడుందో కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి.

ఎన్.డి.ఏ. అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో ఉంది. దానికి యు.పి.ఎస్.సి. ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ళ మధ్య వయసు ఉండాలి. వైమానిక దళానికైతే ఇంటర్మీడియేట్‌లో ఫిజిక్సూ మాథ్సూ తప్పనిసరి. రాత పరీక్ష తొమ్మిది వందల మార్కులు, అందులో మూడు వందలు ఒక్క లెక్కలకే. నెగ్గితే మరో తొమ్మిది వందల మార్కులకి సర్వీస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ, పైలట్ కావాలనుకునే వాళ్ళకి విడిగా యోగ్యతా పరీక్ష, కంటి పరీక్ష. మూడేళ్ళు అకాడమీ, ఆ తరవాత విమాన శిక్షణ. ఆ శిక్షణ ఎక్కడనుకున్నారు? హైదరాబాదు పక్కన దుండిగల్‌లో, హకీంపేటలో! దేశం నలుమూలల పిల్లలూ పైలట్లు కావడానికి మన దగ్గరికి వస్తున్నారు. మన పిల్లలు మాత్రం ఆ పేర్లు బస్సు బోర్డు మీద చదివి వదిలేస్తున్నారు.

ఇంకా చిన్న వయసులోనే మొదలెట్టాలంటే విజయనగరం జిల్లా కోరుకొండలో సైనిక్ స్కూలుంది, 1962 నుంచి నడుస్తోంది. ఆరో తరగతిలోనూ తొమ్మిదిలోనూ ప్రవేశ పరీక్ష. ఆరో తరగతి పరీక్షని తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో రాయవచ్చు.

అక్కాచెల్లెళ్ళకి కూడా ఒక మాట. 2016 జూన్ 18న దుండిగల్‌లోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అనే ముగ్గురమ్మాయిలు దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా చేరారు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తరవాత ఎన్.డి.ఏ. తలుపులు ఆడపిల్లలకీ తెరుచుకున్నాయి. 2022లో మొదటి జట్టు చేరింది. మా స్కూల్లో లెక్కల్లో ఫస్టు వచ్చేది ఎక్కువగా ఆడపిల్లలే. పదో తరగతి కాగానే వాళ్ళ పుస్తకాలు అటకెక్కించేది మాత్రం మనమే.

ఇక మా ఉర్దూ మీడియం పిల్లల కష్టం వేరే ఉంది. ఎన్.డి.ఏ. లెక్కల పేపరు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది. మా పిల్లవాడికి త్రిభుజం అంటే ముసల్లస్, కోణం అంటే జావియా. లెక్క వచ్చు, పేరు రాదు. ఇంటర్‌లోకి వెళ్ళి ఇంగ్లీషు పుస్తకం తెరిచేసరికి వచ్చిన లెక్క కూడా రానట్టు అవుతుంది. అక్కడే సగంమంది జారిపోతారు. దీనికి మందు ఉర్దూ మానెయ్యడం కాదండి. మాతృభాషలో పడిన పునాది గట్టిది. ఎనిమిదో తరగతి నుంచే ప్రతి మాటకీ పక్కన ఇంగ్లీషు మాట కూడా నేర్పాలి. ముసల్లస్ పక్కన ట్రయాంగిల్, జావియా పక్కన యాంగిల్. రెండేళ్ళలో మూడు నాలుగు వందల మాటలు వస్తే గోడ కూలిపోతుంది. మా క్లాసులో గోడకి ఒక చార్టు కట్టి ఈ పని మొదలుపెట్టాను. రోజుకి రెండే మాటలు. పిల్లలు వాటిని ఆటలా నేర్చుకుంటున్నారు.

కాబట్టి సొసైటీ పెద్దల ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి ఆదివారం ఉదయం రెండు గంటలు ఎనిమిది నుంచి ఇంటర్ దాకా పిల్లలకి లెక్కల క్లాసు పెడదాం. ఆడపిల్లలకీ మగపిల్లలకీ. మన ఊళ్ళో రిటైరైన లెక్కల మాస్టార్లు ఉన్నారు, హిందూ సోదరులూ ఉన్నారు. అడిగితే కాదనరు. నేను వస్తాను, జీతం అక్కర్లేదు, టీ ఇస్తే చాలు.

రెండు. ఎన్.డి.ఏ., సైనిక్ స్కూలు ప్రకటనలు వచ్చిన వెంటనే మసీదు నోటీసు బోర్డు మీదా, స్కూళ్ళలోనూ తెలుగులోనూ ఉర్దూలోనూ పెడదాం. అఖరి తేదీ అయిపోయాక తెలిసిన అవకాశం, వరద తగ్గాక వచ్చిన పడవ లాంటిది.

మూడు. ఏడాదికోసారి పిల్లలందరికీ కంటి పరీక్ష చేయిద్దాం. బోర్డు కనబడక వెనకబడిన పిల్లవాణ్ణి మనం మొద్దబ్బాయి అంటున్నాం. కళ్ళజోడుతో మామూలు చదువు చక్కబడుతుంది. పైలట్ కావడానికి కళ్ళు పనికొస్తాయో లేదో కూడా ముందే తెలిస్తే, పిల్లవాడు మరో దారి చూసుకుంటాడు. విమానం నడపలేకపోయినా దాన్ని తయారుచేసేవాళ్ళు కావాలి, మరమ్మతు చేసేవాళ్ళు కావాలి, రాడార్ చూసేవాళ్ళు కావాలి. షెడ్డులో పనిచేసే మా వెనక బెంచీ కుర్రవాడి చెవి ఎక్కడ పనికొస్తుందో ఎవరు చెప్పగలరు?

ఈ మూటికీ పెద్ద ఖర్చు లేదు. హిమ్మత్ ఉంటే చాలు, మెహనత్ దానంతట అదే వెంట వస్తుంది. వచ్చే వార్షికోత్సవానికి ఈ వేదిక మీద ఉపన్యాసాలు తగ్గించి, ఆదివారం క్లాసుకి ఎంతమంది వచ్చారు, ఎంతమంది దరఖాస్తు పెట్టారు అన్న రెండు అంకెలు చదివి వినిపించాలని కార్యదర్శిగారిని కోరుతున్నాను. మొదటి ఏడు ఒక్కరు పరీక్ష హాల్లోకి వెళ్ళినా ఆ అంకె రాసుకుందాం.

 పిల్లలూ, రేపు స్కూల్లో డెబ్బై కిలోల పైలట్ ఎనిమిది రెట్ల బరువెక్కితే ఎన్ని కిలోలో అడుగుతాను. జవాబుతో రండి.

సెలవు. ఖుదా హాఫిజ్.